టస్టిన్ చెక్క హ్యాంగర్లు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాస్ ఏంజెలిస్ నగరానికి ఆగ్నేయంగా టస్టిన్ అనే పట్టణం ఉంది. 1942లో అమెరికా నౌకాదళం అక్కడి పంట పొలాల నడుమ ఒక స్థావరాన్ని నెలకొల్పింది. పసిఫిక్ తీరాన్ని జపాన్ జలాంతర్గాముల భయం ఆవరించిన రోజులవి. వాటి జాడ తెలుసుకొనుటకు బ్లింపులను వినియోగించేవారు. బ్లింపు అనగా హీలియం వాయువుతో నింపిన, ఇంజన్లతో నడిచే గాలినౌక. విమానం క్షణంలో దాటిపోయే చోటును అది నిదానంగా, గంటల తరబడి పరిశీలించగలదు.

ఇంతటి గాలినౌకలను భద్రపరచడానికి భారీ షెడ్లు, అంటే హ్యాంగర్లు అవసరమయ్యాయి. ఉన్న ఉక్కంతా యుద్ధ సామగ్రికే కావలసి వచ్చినందున ఇంజనీర్లు కలపను ఆశ్రయించారు. మంటలు త్వరగా అంటుకోకుండా దానికి రసాయనాలు పట్టించారు. వెయ్యి అడుగులకు పైగా పొడవు, సుమారు మూడు వందల అడుగుల వెడల్పు, పదిహేడు అంతస్తుల ఎత్తు! లోపల నడుమ ఒక్క స్తంభమైనా లేదు. ఒక్కొక్క దానిలో ఆరు బ్లింపులు ఇమిడేవి. అటువంటివి రెండు నిర్మించారు. యుద్ధపు తొందరలో, తాత్కాలిక అవసరానికి కట్టినవి ఇంత గంభీరంగా ఉండడం విశేషమే.

యుద్ధం ముగిసింది. బ్లింపుల అవసరం తగ్గి 1949లో స్థావరం మూతపడింది. అయితే కొరియా యుద్ధం దానికి తిరిగి ప్రాణం పోసింది. కొండలలో గాయపడిన సైనికులను తరలించడానికి హెలికాప్టర్ ఎంత ఉపయోగమో ఆ యుద్ధంలో తెలిసివచ్చింది. దానికి పొడవైన రన్‌వే అక్కరలేదు. విశాలమైన నీడ చాలు. అది టస్టిన్‌లో సిద్ధంగా ఉంది. 1951లో మెరైన్ దళం ఆ స్థావరాన్ని తెరిచి హెలికాప్టర్లకు కేటాయించింది. వియత్నాం యుద్ధకాలంలోనూ అది పనిచేసింది. 1975లో హ్యాంగర్లకు చారిత్రక కట్టడాలుగా గుర్తింపు లభించింది. 1999లో స్థావరం శాశ్వతంగా మూతపడగా, చుట్టూ ఇళ్లు, దుకాణాలు వెలిశాయి.

2023 నవంబరు 7 తెల్లవారుజామున ఉత్తరపు హ్యాంగరుకు నిప్పంటుకుంది. నాటి రసాయనాలు ఎనభై ఏళ్ల తరువాత దానిని కాపాడలేకపోయాయి. అంత ఎత్తైన కట్టడం ఎప్పుడు కూలుతుందో తెలియనందున అగ్నిమాపక దళం దానిని కాలిపోనివ్వక తప్పలేదు. నిప్పు పూర్తిగా ఆరడానికి మూడు వారాలకు పైగా పట్టింది. అంతకన్నా పెద్ద కష్టం గాలిలో వచ్చింది. నిర్మాణంలో వాడిన ఆస్బెస్టాస్, ఊపిరితిత్తులకు హాని చేసే ఆ పదార్థం, బూడిదతో కలిసి ఇళ్ల ముంగిళ్లలో పడింది. బడులు మూసివేసి, వీధులను శుభ్రం చేయవలసి వచ్చింది. దక్షిణపు హ్యాంగరు మాత్రం ఆ మంటలకు చిక్కలేదు.