ప్రాజెక్టు నిర్వహణ పరీక్షకు సిద్ధపడు విధము

ఆరంభమును అంతమును గలిగి, ఇదివఱకు లేని యొక వస్తువునో యేర్పాటునో కలుగజేయుటకు పూనుకొనబడు పనికి ప్రాజెక్టు అని పేరు. పాఠశాలలో ప్రతిదినము గంట కొట్టుట, హాజరు వేయుట నిత్యకృత్యములు. అవి ప్రాజెక్టులు కావు. క్రొత్త తరగతిగది కట్టుట ప్రాజెక్టు. 1955లో పునాదిరాయి వేయబడి, 1967లో కాలువలకు నీరు వదలబడిన నాగార్జునసాగరము గొప్ప ప్రాజెక్టు. పని చిన్నదైనను పెద్దదైనను కాలము, ధనము, మనుష్యులు అను మూడింటిని పొందికగా నడుపువాడు లేనిచో అది చెడును.

ఈ నేర్పును శోధించి యోగ్యతాపత్రము నిచ్చు సంస్థలలో ప్రాజెక్టు మేనేజిమెంటు ఇన్‌స్టిట్యూటు ప్రసిద్ధమైనది. ఇది 1969లో అమెరికాలో స్థాపింపబడినది. 1984 నుండి పి.యం.పి. అను పరీక్షను జరుపుచున్నది. హైదరాబాదు మొదలగు నగరములలో ఉద్యోగములు చేయు మన తెలుగువారు పలువురు ఈ పరీక్షకు కూర్చుందురు. గాన మన పై తరగతుల విద్యార్థులును, వారి తలిదండ్రులును దీని స్వరూపము నెఱిగియుండుట మేలు.

ఎవరికి ఏ పరీక్ష

పి.యం.పి. అనుభవశాలులకు ఏర్పడినది. 2021లో అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము నాలుగేండ్ల పట్టము గలవారికి 36 నెలలు, మాధ్యమిక విద్య మాత్రము ముగించినవారికి 60 నెలలు ప్రాజెక్టులను నడిపిన అనుభవము కావలెను. ఇరు తెగలవారికిని 35 గంటల శిక్షణ యవసరము. పనిని ప్రక్కన నిలిచి చూచిన అనుభవము చాలదు; నడిపిన అనుభవమే లెక్కకు వచ్చును.

అనుభవము లేనివారికి సి.ఏ.పి.యం. అను మఱియొక పరీక్ష కలదు. 2023లో మార్చబడిన విధానములో దానికి మాధ్యమిక విద్యయు, 23 గంటల శిక్షణయు చాలును. ప్రశ్నలు 150, కాలము 3 గంటలు. చదువు ముగించి క్రొత్తగా ఉద్యోగములో చేరినవాడు మొదట దీనిని వ్రాసి, అనుభవము గడించిన పిమ్మట పెద్దపరీక్షకు పోవుట క్రమమైన మార్గము.

ప్రశ్నపత్రము

2021 జనవరిలో ప్రవేశపెట్టబడిన పి.యం.పి. విధానములో ప్రశ్నలు 180, కాలము 230 నిమిషములు. అనగా ప్రశ్న యొక్కింటికి నిమిషమున్నర కంటె తక్కువయే. నూటికి 42 వంతులు మనుష్యులను నడుపుటను గూర్చియు, 50 వంతులు పని నడుపు పద్ధతులను గూర్చియు, 8 వంతులు సంస్థ ప్రయోజనములను గూర్చియు ఉండునట్లు నాడు నిర్ణయింపబడెను. తప్పు జవాబునకు మార్కులు తగ్గింపబడవు. కావున ఏ ప్రశ్నయు వ్రాయక విడువరాదు. ఈ విభజనను సంస్థవారు కొన్నియేండ్ల కొకమాఱు మార్చుచుందురు. చదువు మొదలుపెట్టుటకు ముందు వారు ప్రకటించిన పాఠ్యక్రమమును తెప్పించి చూచుకొనుట మొదటి పని. పాత విధానమునకు వ్రాయబడిన పుస్తకము చవుకగా దొరకినదని కొని, క్రొత్త పరీక్షకు పోవుట వృథాశ్రమ.

లెక్కల యందలి మర్మము

ఈ పరీక్షలో లెక్కలు కొన్నియే; కాని వాని భావము తెలియనివానికి తక్కిన ప్రశ్నలును తెలియవు. ఒక గది కట్టు పనిని తీసికొందము. పునాదికి 10 దినములు, దాని తరువాత గోడలకు 15, ఆ పిమ్మట కప్పునకు 12 పట్టుననుకొనుడు. బల్లలు చేయు వడ్రంగి మొదటి దినముననే ఆరంభించును. వానికి 20 దినములు కావలెను. కప్పును బల్లలును సిద్ధమైన పిదప సున్నము కొట్టి బల్లలు అమర్చుటకు 6 దినములు. పని యెన్ని దినములలో ముగియును?

అన్నిటిని కూడి 63 అనుట తప్పు. వడ్రంగము తాపీపనితో పాటు సాగుచున్నది గదా. తాపీపని వరుస 10, 15, 12, 6 కలిసి 43. వడ్రంగము వరుస 20, 6 కలిసి 26. వీనిలో దీర్ఘమైన 43 దినముల వరుసకు కీలకమార్గమని పేరు. వడ్రంగి 17 దినములు ఆలసించినను గదికి ఆలస్యము లేదు; తాపీమేస్త్రి ఒక్క దినము ఆలసించినను గది యొక దినము వెనుకబడును. అందఱిపై సమానముగా కేకలు వేయువాడు నిర్వాహకుడు కాడు. ఎవని పని యాగిన అంతయు నాగునో యెఱిగి అచ్చట నిలుచువాడే నిర్వాహకుడు. ఈ గణనపద్ధతి 1957 ప్రాంతమున అమెరికాలో డూపాంటు కంపెనీ పనులలో రూపొందినది.

ఇక ధనము మాట. గదికి మొత్తము లక్ష రూపాయలు అంచనా. నేటికి సగము పని, అనగా 50,000 రూపాయల పని, కావలసియుండెను. కాని నూటికి 40 వంతులే ముగిసినది. చేతినుండి పోయిన సొమ్ము 45,000. "ఏబది వేలనుకొంటిమి, నలుబదియైదు వేలే అయినది, అయిదు వేలు మిగిలినవి" అని సంతోషించువారు పెక్కుమంది. నిజమేమి? జరిగిన పని విలువ 40,000, ఖర్చు 45,000, కావున 5,000 నష్టము. ఇదే తీరున సాగినచో గది ముగియునప్పటికి 1,12,500 రూపాయలగును. ఖర్చును అంచనాతో గాక, జరిగిన పని విలువతో పోల్చవలెనను ఈ సూత్రము నెఱిగినవాడు సొమ్ము తఱుగక ముందే మేల్కొనును.

వివేకమును శోధించు ప్రశ్నలు

ఎక్కువ ప్రశ్నలు కథవలె నుండును. ఉదాహరణమునకు: బృందములో నొకడు రెండువారములుగా పని వెనుకవేయుచున్నాడు, నిర్వాహకుడు మొదట నేమి చేయవలెను? పై యధికారికి ఫిర్యాదు చేయుట, వాని స్థానమున నింకొకని నియమించుట, గడువు పొడిగించుట, వానితో ప్రత్యేకముగా మాటలాడి కారణము తెలిసికొనుట అని నాలుగు జవాబు లీయబడును. నాలుగును లోకములో జరుగునవే. కాని "మొదట" అను మాటలోనే ప్రశ్న యున్నది. కారణము తెలియక చేయు చికిత్స చికిత్స కాదు గనుక నాల్గవదే సరియైనది. కావున ప్రశ్న చదువునప్పుడు "మొదట", "తరువాత", "తప్ప" అను మాటలను విడువక పట్టుకొనవలెను.

పనులన్నియు గది కట్టుటవంటివి కావనియు గ్రహింపుడు. కప్పు వేసిన పిదప పునాది మార్చలేము. కావున ముందే పూర్తి పథకము కావలెను. కంప్యూటరునకు ప్రోగ్రాము వ్రాయు పని యట్టిది కాదు. కొంత చేసి, ఉపయోగించువారికి చూపి, వారు చెప్పినట్లు సవరించి, మరల కొంత చేయవలెను. ఈ రెండవ పద్ధతిని ఎజైల్ అందురు. 2001లో పదునేడుగురు నిపుణులు అమెరికాలోని యూటా రాష్ట్రమున సమావేశమై దీని మూలసూత్రములను ప్రకటించిరి. 2021 విధానములో సుమారు సగము ప్రశ్నలు ఈ పద్ధతికిని, రెండును కలిసిన పద్ధతికిని సంబంధించినవిగా ఏర్పాటు చేయబడెను.

పఠనక్రమము

ఉద్యోగము చేయుచు చదువువానికి పండ్రెండు వారములు తగిన గడువు. దినమునకు గంటన్నర నిలుకడగా చదువుట, ఆదివారమున పది గంటలు చదివి ఆఱు దినములు మఱచుటకంటె మేలు. మొదటి ఆఱు వారములలో పాఠ్యక్రమమంతయు ఒకసారి చదివి, ప్రతి ప్రకరణమును సొంతమాటలలో అరపుటలో వ్రాయవలెను. తరువాతి నాలుగు వారములలో దినమునకు ఇరువది ప్రశ్నలు చేయవలెను. తప్పుల పుస్తకమొకటి పెట్టి, తప్పిన ప్రతి ప్రశ్నకును సరియైన జవాబు మాత్రమేగాక, తాను ఏల తప్పితినో వ్రాసికొనవలెను: తెలియకనా, తొందరచేతనా, ప్రశ్న సరిగా చదువకనా? ఈ మూడింటికి మందులు వేఱు. కడపటి రెండు వారములలో గడియారము ముందుంచుకొని 180 ప్రశ్నల పూర్ణపరీక్షలు రెండు మూడు వ్రాసి చూచుకొనవలెను. దాదాపు నాలుగు గంటలు ఒక్కచోట కూర్చుండి మనస్సు చెదరనీయకుండుటయు అభ్యాసముచేతనే యలవడును.

నిజాయితీ

కడపటి మాట యిదియైనను ముఖ్యమైనది. ప్రశ్నలు ముందుగానే యిచ్చెదమనియు, తప్పక గెలిపించెదమనియు సొమ్ము గుంజువారు కలరు. లేని అనుభవమును దరఖాస్తులో వ్రాయుమని బోధించువారును కలరు. సంస్థవారు కొన్ని దరఖాస్తులను ఏఱి, పై యధికారుల సంతకములతో ఋజువు లడుగుదురు. కాని పట్టుబడుదుమను భయముకంటె గొప్ప కారణమొకటి యున్నది. నిర్వాహకుని లెక్క తప్పినచో దెబ్బతినువాడు అతడొక్కడే కాడు. కప్పు వేయు కూలివాని కూలి ఆగును, గృహస్థుని ధనము నష్టమగును, గదికై ఎదురుచూచు పిల్లలు చెట్టుక్రింద కూర్చుందురు. కీలకమార్గము తెలియనివాని చేతిలో యోగ్యతాపత్రముండుట, మందులెఱుగనివాని యింటిముందు వైద్యుని పలక వ్రేలాడుటవంటిది.

విద్యార్థులారా, ఈ పరీక్ష మీకింకను దూరమున నున్నది. కాని దీనికి కావలసిన అలవాట్లకు నేడే తరుణము. వార్షికోత్సవమునకు నాటకము సిద్ధపఱచునపుడు ఏ పని తరువాత ఏ పని రావలెనో కాగితముపై వ్రాయుడు. పద్దు పుస్తకములో ఖర్చును జరిగిన పనితో పోల్చుడు. పని చేయని స్నేహితునిపై ఉపాధ్యాయునికి చెప్పుటకు ముందు వానినే కారణ మడుగుడు. ఇట్లు పాఠశాలలో నేర్చినవాడు పరీక్షామందిరమున క్రొత్తగా నేర్వవలసినది కొంచెమే యుండును.