ఈల వేయని గిటార్

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో యాంప్ సిమ్యులేటర్ వాడుతున్నాను. గెయిన్ ఎంత పెంచినా పించ్ హార్మోనిక్ ఈల పలకడం లేదు. సాఫ్ట్‌వేర్ లోపమా?

జవాబు: సాఫ్ట్‌వేర్‌ను తిట్టకండి, ఆ ఈల పుట్టేది మీ బొటనవేలి దగ్గరే. పిక్ కొస కాస్తే బయటికి కనపడేలా పట్టుకోండి. అది తీగను దాటిన మరుక్షణం బొటనవేలి అంచు తీగను రాసుకుంటూ పోవాలి. ఆగిందా, తీగ మూగబోతుంది! బ్రిడ్జ్ పికప్ ఎంచుకుని, మూడో తీగను 5వ ఫ్రెట్ దగ్గర నొక్కి, కుడిచేతిని పికప్‌ల మధ్య మిల్లీమీటరు చొప్పున జరుపుతూ మీటండి. ఒకచోట దొరుకుతుంది. ఫ్రెట్ మారిస్తే ఆ చోటూ మారుతుంది.

ఆడియో ఇంటర్‌ఫేస్‌లో గిటార్ ఇన్‌పుట్ 'ఇన్‌స్ట్రుమెంట్' మీద ఉందా? 'లైన్' మీద ఉంటే పదును చచ్చిపోతుంది. నాయిస్ గేట్ కూడా తగ్గించండి, ఈల తోకను కత్తిరించేది అదే.