మోటారు యాట్‌లోని డీజిలు ఇంజను – యజమాని కర్తవ్యము

నేలపై పోవు మోటారు కారు దారిలో నిలిచిపోయినచో, దానిని ప్రక్కకు నెట్టి, చెట్టునీడన కూర్చుండి, మెకానిక్కు వచ్చువరకు వేచియుండవచ్చును. సముద్రముపై ప్రక్క అనునది లేదు. ఇంజను ఆగిన పడవ గాలికిని ప్రవాహమునకును వశమై, రాళ్ళవైపునకో, పెద్ద ఓడలు పోవు మార్గములోనికో కొట్టుకొనిపోవును. కావున సముద్రముపై ఇంజను సంరక్షణము కేవలము పొదుపునకు చెందిన విషయము కాదు. ప్రాణములకు చెందిన విషయము. దానిని యజమాని స్వయముగా ఏల చేసికొనవలెనో, ఎట్లు చేసికొనవలెనో ఈ వ్యాసమున పరిశీలింతము.

యాట్ అను మాట డచ్చి భాషనుండి వచ్చినది. వేట అను అర్థముగల పదమునుండి పుట్టి, మొదట వేగముగా పోవు చిన్న తెరచాప ఓడలకు పేరైనది. 1660లో ఇంగ్లండు రాజగు రెండవ చార్లెసునకు డచ్చివారు ‘మేరీ’ అను యాట్‌ను బహూకరించిరి. నేడు ఇంజనుతో నడచు విహారనౌకను మోటారు యాట్ అందురు. ఇంగ్లండు దక్షిణ తీరమునను, మధ్యధరా సముద్రపు రేవులందును ఇవి బారులు తీరి కట్టబడియుండును. పది పండ్రెండు మీటర్ల యాట్‌లో జీతమునకు పనిచేయు ఇంజనీరు సాధారణముగా ఉండడు. యజమానియే కప్తాను, యజమానియే ఇంజనీరు.

డీజిలు ఇంజను స్వభావము

రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1892లో తన ఊహకు పేటెంటు కోరి, 1897లో ఆగ్స్‌బర్గు నగరమున ఆ ఇంజనును విజయవంతముగా నడిపి చూపెను. 1912లో డెన్మార్కునుండి బయలుదేరిన ‘సెలాండియా’ ఓడ డీజిలు శక్తి మహాసముద్రములను దాటగలదని లోకమునకు రుజువు చేసినది. విధి విచిత్రమైనది. మరుసటి సంవత్సరమే, 1913 సెప్టెంబరులో, ఇంగ్లండునకు పోవు ఓడపైనుండి ఒక రాత్రి డీజిల్ అదృశ్యుడయ్యెను.

ఈ ఇంజనులో పెట్రోలు ఇంజనునందువలె నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. సిలిండరులోని గాలిని దాని పరిమాణములో సుమారు పదునైదవ వంతునకో, ఇరువదవ వంతునకో అదిమినపుడు, దాని ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటును. ఆ వేడిలోనికి పొగమంచువలె చిమ్మబడిన నూనె తనంతట తానే మండును. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. పడవ అడుగున చేరి, చిన్న నిప్పురవ్వకే ప్రేలగలదు. డీజిలు నూనె సాధారణ ఉష్ణోగ్రతలో అంత సులభముగా ఆవిరి కాదు. సముద్రయానమున డీజిలునకు ప్రాధాన్యము లభించుటకు ఇదియొక ముఖ్య కారణము.

నాలుగు అవసరములు

ఇట్టి ఇంజను కోరునవి నాలుగే: శుభ్రమైన గాలి, శుభ్రమైన ఇంధనము, శుభ్రమైన ఆయిలు, ఎడతెగని చల్లని నీరు. ఇందు గాలిని గూర్చి చెప్పవలసినది తక్కువ. ఇంజను గదికి గాలి వచ్చు దారులను మూయకుండుటయు, గాలి ఫిల్టరును శుభ్రముగా ఉంచుటయు చాలును. తక్కిన మూటిని వివరింతము.

ఇంధనమునకు పరమశత్రువు నీరు. సగము ఖాళీగానున్న ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ బిందువులై అడుగునకు దిగును. నీరును నూనెయు కలియు చోట సూక్ష్మజీవులు పెరిగి, జిగురువంటి నల్లని మడ్డి ఏర్పడును. రేవులో నిశ్చలముగా నున్నంతకాలము ఈ మడ్డి అడుగుననే యుండును. అలలు లేచిన దినమున అది కదలి ఫిల్టరును మూసివేయును. కనుకనే ఇంజను తరచుగా తుఫానులోనే ఆగును. అది దురదృష్టము కాదు, అశ్రద్ధకు ఫలితము. ట్యాంకును నిండుగా ఉంచుట, నీటిని వేరుచేయు ఫిల్టరు గిన్నెను తరచు చూచి నీటిని వదలుట, ఫిల్టరును కాలపరిమితి ప్రకారము మార్చుట యజమాని చేయదగిన పనులు. ఫిల్టరు మార్చినపుడు గొట్టములలో గాలి చిక్కుకొనును. ఆ గాలిని మరలు వదులుచేసి వెడలగొట్టు విధానమును రేవులోనే, పగటివేళ, ఒకటికి రెండుమార్లు అభ్యసింపవలెను.

ఆయిలును నూరు మొదలు రెండువందల ఏబది గంటలకు ఒకమారు తయారీదారు చెప్పిన ప్రకారము మార్చుట పరిపాటి. అన్ని గంటలు నడువకపోయినను సంవత్సరమునకు ఒకమారైనను మార్చవలెను. ప్రతిదినము ఇంజను నడుపుటకు ముందు కొలకడ్డీని తీసి చూడవలెను. ఆయిలు పాలవలె తెల్లబారినచో అందు నీరు చేరినదని గ్రహింపవలెను.

నీటి సంగతి కొంత విపులముగా చెప్పదగినది. అనేక ఇంజనులలో రెండు నీటి వలయములుండును. లోపల మంచినీరు తిరుగును. వెలుపలినుండి వచ్చు సముద్రపు నీరు గొట్టముల గోడలమీదుగా ఆ మంచినీటి వేడిని గ్రహించి, పొగగొట్టము ద్వారా బయటపడును. సముద్రపు నీటిని లాగునది ఇంపెల్లరు అను అరచేతిలో పట్టు రబ్బరు చక్రము. నీరు లేక తిరిగినచో కొద్దిసేపటికే దాని రెక్కలు తెగిపోవును. కావున ఇంజను నడిపిన వెంటనే పొగగొట్టమునుండి నీరు వచ్చుచున్నదా యని వంగి చూచుట మొదటి ధర్మము. ఇంపెల్లరును సంవత్సరమునకు ఒకమారు మార్చవలెను. ఎల్లప్పుడు మరియొకటి దగ్గర నుంచుకొనవలెను. రెక్కలు విరిగినపుడు కొత్తది బిగించుటతో పని ముగియదు. ఎన్ని ముక్కలు పోయినవో లెక్కించి, అన్నింటిని వెదకి తీయవలెను. లేనిచో అవి ముందున్న సన్నని గొట్టములను మూసి, ఇంజను మరల వేడెక్కును.

పొగ చెప్పు మాట

ఇంజను చెడుటకు ముందు తరచు సూచన ఇచ్చును. నల్లని పొగ వచ్చినచో గాలి చాలలేదనియో, మోయలేని భారము పడుచున్నదనియో అర్థము. నీలిపొగ ఆయిలు కాలుచున్నదనుటకు గుర్తు. తెల్లని పొగ కాలని ఇంధనమునకో, నీటి ఆవిరికో చిహ్నము. ఉష్ణోగ్రతను, ఆయిలు పీడనమును, నడచిన గంటలను, చేసిన మరమ్మతులను ఒక పుస్తకమున వ్రాసియుంచినచో, ఒక్కనాడు కనిపించని మార్పు నెలనాళ్ళలో స్పష్టమగును. వైద్యునకు రోగి చీటీ ఎట్టిదో, యజమానికి ఈ పుస్తకమట్టిది.

ఇంజనుకు వెలుపల

సముద్రపు నీటిలో వేరువేరు లోహములు ఒకదానితో నొకటి తగిలియున్నచో విద్యుత్ ప్రవాహమేర్పడి వానిలో ఒకటి క్షయించునని మన రసాయనశాస్త్ర విద్యార్థు లెరుగుదురు. ఓడల రాగి రేకులను జింకుతోగాని ఇనుముతోగాని కాపాడవచ్చునని సర్ హంఫ్రీ డేవీ 1824లోనే సూచించెను. ఆ సూత్రముననే యాట్ అడుగున జింకు దిమ్మెలను బిగింతురు. అవి తాము కరగి ప్రొపెల్లరును కాపాడును. సగము కరగినంతనే మార్చవలెను. ఏండ్లు గడచినను కరగని జింకు దిమ్మెను చూచి సంతోషింపరాదు. అది తన పని చేయుట లేదని భావము.

ప్రొపెల్లరు ఇరుసు పడవను దాటి పోవుచోట పాతపద్ధతి ప్యాకింగు ఉన్నయెడల, ఇరుసు తిరుగునపుడు నిమిషమునకు కొన్ని చుక్కల నీరు కారవలెను. ఆ చుక్కలే దానికి చల్లదనము, జారుడుతనము. తెలియక బిగించి పూర్తిగా ఆపినవాడు ఇరుసునే అరుగదీయును. పడవ అడుగున నీరు తెచ్చు ప్రతి కవాటమును నెలకొకమారు మూసి తెరచి చూచుటయు, దాని ప్రక్కనే మెత్తని కొయ్యబిరడాను కట్టియుంచుటయు పెద్దల ఆచారము.

పనిలేమి అను వ్యాధి

చిత్రమేమన, విహారనౌక ఇంజను పనిచేసి అరుగుటకన్న పనిలేక పాడగుట ఎక్కువ. సెలవుదినములలో కొలది గంటలు నడచి, తక్కిన కాలమెల్ల ఉప్పుగాలిలో ఊరకయుండును. ఆ విరామములో తుప్పు పట్టును, రబ్బరు గట్టిపడును, బ్యాటరీలు చచ్చును. ఇంగ్లండు వంటి చలిదేశములలో శీతకాలమునకు పడవను కట్టివేయుటకు ముందే ఆయిలు మార్చవలెనని చెప్పుటకు కారణమిదియే. వాడిన ఆయిలులోని ఆమ్లములు నెలలతరబడి బేరింగులను తినివేయును. నీరు గడ్డకట్టి లోహము పగులకుండుటకు సముద్రపు నీటి వలయమును ఖాళీచేయుటయో, అందు గడ్డకట్టని ద్రవమును నింపుటయో చేయుదురు.

మన తీరమున విహారనౌకలు అరుదు. అయినను ఇట్టి ఇంజనులే విశాఖపట్నము, కాకినాడ రేవుల చేపల మరపడవలలో కలవు. తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేటకు నిషేధము కలదు. ఆ విరామముననే అనేకులు పడవలను బాగుచేసికొందురు. మేము విద్యార్థులతో విజ్ఞానయాత్రకై విశాఖ రేవునకు పోయినపుడు, ఒక వృద్ధ డ్రైవరు ఇంజనుపై అరచేయి ఆనించి నిలుచుండుట చూచితిమి. “వేట లేదుగదా, ఇప్పుడేల నడుపుచున్నారు?” అని అడిగితిమి. “నడిస్తే పాడవదు బాబూ, నిలబెడితేనే పాడవుద్ది” అని ఆయన నవ్వెను. ఆయన చదువుకొన్నవాడు కాడు. కాని లక్షలు పోసి యాట్ కొన్నవాడు గ్రంథములు చదివి తెలిసికొనవలసిన సారమును ఆయన అరచేయి యెరుగును.

పెద్ద మరమ్మతులకు నిపుణుని పిలుచుట తప్పు కాదు. ఇంజెక్టరులను విప్పి సరిచేయుట వానికే తగును. కాని సముద్రమధ్యమున ఇంజనును ఆపునది పలుమారులు ఒక రబ్బరు చక్రము, ఒక బెల్టు, ఒక ఫిల్టరు, ఒక నీటిచుక్క. ఇవి వెలకు చిన్నవి, యజమాని చేతికి అందునవి. రేవులో చేతికి మసి అంటించుకొన వెరచినవాడు, సముద్రముపై చేతులు జోడింపవలసివచ్చును. తనది యనుకొన్న వస్తువును ప్రతిదినము కన్నులార చూచి, చేతులార తడవి, దాని మాట వినుటయే యాజమాన్యము. ఈ నీతి పడవలకు మాత్రమే పరిమితము కాదని మా విద్యార్థులకు వేరుగ చెప్పనక్కరలేదు.