ఒకే ఒరలో రెండు కత్తులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలు అంటారు. ల్యాప్‌టాప్ విషయంలో ఈ మాట సగమే నిజము. ఒకే యంత్రంలో విండోస్, లినక్సు అనే రెండు ఆపరేటింగ్ సిస్టములు పక్కపక్కనే ఉండగలవు. అయితే ఒక వేళ ఒక కత్తినే దూయగలము.

ఈ చర్చ మన కళాశాలకు ఎందుకు అవసరమైనదో ముందుగా మనవి చేస్తాము. మన సంచికలోని ఉర్దూ పుటలు ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేరులో కూర్చబడుతున్నవి. మీర్జా అహ్మద్ జమీల్ 1981లో రూపొందించిన నూరీ నస్తాలీఖ్ లిపిని చిన్న ముద్రణాలయాల బల్ల మీదకు తెచ్చినది 1994లో వెలువడిన ఆ సాఫ్ట్‌వేరే. తెలుగు పుటలకు అను ఫాంట్లు వాడుతున్నాము. ఇవి రెండూ విండోస్ కొరకు పుట్టినవి. కంప్యూటరు చదివే విద్యార్థులకు లినక్సు అభ్యాసమూ తప్పదు. ఇంతలో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే రక్షణ భాగాన్నీ, కొత్త తరం ప్రాసెసరునూ కోరుతున్నది. మన ప్రయోగశాలలోని పాత ల్యాప్‌టాప్‌లు ఆ పరీక్షలో తప్పినవి. వాటిని అమ్మివేయవలెనా అన్న ప్రశ్న నేడు కమిటీ ముందున్నది. తుమ్మలపల్లె చుట్టుపట్ల పల్లెల నుండి వచ్చే విద్యార్థులలో పలువురికి తాము తాకిన మొదటి కీబోర్డు ఈ యంత్రాలదే. కనుక అమ్మరాదని మా అభిప్రాయము.

రెండు సిస్టములను నడుపుటకు రెండు మార్గాలున్నవి. మొదటిది చేనుకు నడుమ గట్టు వేయడం వంటిది. డిస్కును రెండు భాగాలు చేసి, ఒక్కొక్క భాగంలో ఒక్కొక్క సిస్టమును ఉంచుతారు. యంత్రం తెరవగానే గ్రబ్ అనే చిన్న ప్రోగ్రాము ఏది కావలెనని అడుగుతుంది. ఎంచుకున్న సిస్టముకు యంత్రబలమంతా దక్కుతుంది. రెండవది వేరుశనగ సాళ్ల నడుమ కంది వేసినట్లు, విండోస్ లోపలనే వర్చువల్‌బాక్స్ వంటి సాఫ్ట్‌వేరుతో లినక్సును నడపడం. రెండు పైర్లూ ఒకే తడిని పంచుకోవలెను. 4 జీబీ మెమరీ గల యంత్రంలో ఆ తడి చాలదు, రెండూ వాడిపోతవి. 8 జీబీ, అంతకు మించి ఉన్నచోట ఈ పద్ధతి సుఖము. డిస్కును చీల్చే భయమూ లేదు. మన పాత యంత్రాలకు మాత్రం గట్టు పద్ధతే తగినది.

ఇక్కడ మా పొరపాటు ఒకటి చెప్పక తప్పదు. లినక్సును ప్రతిష్ఠించే వేళ తెర మీద రెండు దారులు కనిపిస్తవి. ఒకటి విండోస్ పక్కన చోటు తీసుకొమ్మనేది, మరొకటి డిస్కునంతటినీ తుడిచివేయమనేది. ఒక సాయంత్రం, చివరి బస్సుకు వేళ మించుతున్నదన్న తొందరలో, మేము రెండవ దానిని నొక్కినాము. ఆ డిస్కులో ఆ ఏటి సంచిక ఉర్దూ భాగం మొత్తం ఉన్నది. విద్యార్థినులు వ్రాసిన వ్యాసాలూ, గజళ్లూ వేరొకచోట నకలు లేకుండా పోయినవి. ఉర్దూ శాఖ మిత్రులు మమ్మల్ని ఒక్క మాట అనకుండా, చేతివ్రాతలు దొరికినంతవరకు రాత్రులు కూర్చొని మరల కూర్చినారు. రెండు గజళ్లు నేటికీ దొరకలేదు.

కనుక మొదటి పని నకలు. అది అదే డిస్కులో కాదు, వేరొక డిస్కులో ఉండవలెను. రెండవది, విండోస్‌లో బిట్‌లాకర్ తాళం ఉన్నదేమో చూచి, ఉన్నచో దాని 48 అంకెల సంకేతాన్ని కాగితం మీద వ్రాసి బీరువాలో ఉంచవలెను. అటు తరువాతనే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారా విండోస్ భాగాన్ని కుదించి 40 జీబీ వరకు ఖాళీ చేయవచ్చును. విండోస్ ముందు, లినక్సు తరువాత అన్న క్రమం మంచిది. తరువాత వచ్చిన విండోస్ పాత యంత్రాలలో గ్రబ్‌ను చెరిపివేసి, తానొక్కటే ఇంటి యజమాని అన్నట్లు ప్రవర్తిస్తుంది. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను కూడ ఆపివేయవలెను. లేనిచో విండోస్ పూర్తిగా నిద్రపోక తన భాగాన్ని పట్టుకొనే ఉంటుంది. అప్పుడు లినక్సు ఆ ఫైళ్లను చదవగలదు గాని వాటిపై వ్రాయలేదు.

ఒక వింత కూడ చెప్పుతాము. లినక్సు వాడి విండోస్‌కు వస్తే గడియారం అయిదున్నర గంటలు వెనుకబడుతుంది. ఉదయం పది గంటల తరగతిలో తెర మీద నాలుగున్నర చూచి పిల్లలు నవ్వినారు. లినక్సు యంత్రపు గడియారాన్ని ప్రపంచ కాలమానంలో ఉంచుతుంది, విండోస్ దానినే స్థానిక కాలమని నమ్ముతుంది. మన దేశ కాలం ప్రపంచ కాలం కంటె అయిదున్నర గంటలు ముందున్నది గదా! లినక్సులో ఒక్క ఆదేశంతో ఈ తగవు తీరుతుంది.

ఇక వ్రాతల మాట. అను ఫాంట్లలో కూర్చినదీ, పాత ఇన్‌పేజ్‌లో కూర్చినదీ లినక్సు వైపు తెరిస్తే అర్థం లేని గుర్తులే కనిపిస్తవి. 1991లో వెలువడిన యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకూ, ఉర్దూ వ్రాసే లిపికీ స్థానమున్నది. యూనికోడ్‌లో వ్రాసినది ఇరువైపులా చదువవచ్చును. ఇకపై విద్యార్థులు తమ రచనలను యూనికోడ్‌లోనే ఇచ్చినచో మాకు సగం శ్రమ తగ్గుతుంది.

కమిటీ వారికి మా మనవి ఇది. పాత యంత్రాలలో ఇంటర్నెట్ పనులన్నీ లినక్సు వైపు జరగవలెను. విండోస్ 10 వైపు ఇంటర్నెట్ లేకుండా, ఉర్దూ, తెలుగు పుటల కూర్పుకు మాత్రమే ఉండవలెను. ఈ ఏర్పాటుకు కొత్త ల్యాప్‌టాప్ అక్కరలేదు. నకళ్లు ఉంచుటకు ఒక బయటి డిస్కు మాత్రం కావలెను. అది వచ్చువరకు ఏ యంత్రంలోనూ గట్టు వేయబోము.