సముద్రతీరానికి వెళ్తున్నారా? ఒడ్డుకు వచ్చే తల్లి తాబేలును గుర్తుంచుకోండి



క్రిస్మస్ సంబరాలు ముగిశాక, సంక్రాంతి సెలవుల్లోనో జనవరి 26వ తేదీనో మన విచారణల నుంచి యువజనులు, జ్ఞానోపదేశ తరగతుల పిల్లలు, కుటుంబాలు బస్సు మాట్లాడుకొని సముద్రతీరానికి విహారయాత్రకు వెళ్లడం మనకు అలవాటే. విశాఖపట్నం, కాకినాడ, సూర్యలంక, మంగినపూడి, ఎవరికి దగ్గరైన తీరానికి వారు వెళ్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మరొక అతిథి కూడా మన తీరాలకు వస్తుంది. మనం వంటపాత్రలు సర్దుకొని బస్సెక్కిన తరువాత, చీకటి బాగా ముదిరిన తరువాత, ఒంటరిగా వస్తుంది. అది ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు. గుడ్లు పెట్టడానికి వస్తుంది.

దాని డిప్ప ఒలీవ కాయ రంగులో ఉంటుంది గనుక ఆ పేరు వచ్చింది. ఒలీవ కొండ అని మనం వినే మాటలోని ఒలీవే ఇది. పెరిగిన తాబేలు రెండడుగుల పైచిలుకు పొడవు, 35 నుంచి 50 కిలోల బరువు ఉంటుంది. ఒడిశాలోని గహిర్మాతా, రుషికుల్యా తీరాలకు ఇవి కొన్ని రాత్రుల్లో వేలకు వేలుగా ఒక్కసారే తరలివస్తాయి. మన ఆంధ్ర తీరానికి మాత్రం ఒకటీ అరా, ఇక్కడొకటి అక్కడొకటిగా వస్తాయి. కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్‌లోనూ, కృష్ణానది ముఖద్వారం దగ్గరా, విశాఖ ఆర్కే బీచ్, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ వంటి చోట్లా గుడ్లు పెడతాయి. ఇలా చెదురుమదురుగా వచ్చే తల్లికి గుంపు కాపు ఉండదు. కోరంగి అభయారణ్యం వంటి కొన్ని చోట్ల తప్ప తీరం పొడవునా కాపలా పెట్టడం కూడా సాధ్యం కాదు. కాబట్టి దాని మంచిచెడ్డలు చాలావరకు ఆ ఇసుకమీద తిరిగే మనుషుల మీదే, అంటే మీమీద, నామీద ఆధారపడి ఉన్నాయి.

ఆ తల్లి పడే శ్రమ ఎంతటిదో కాస్త తెలుసుకుందాం. నీటిలో ఎంతో చురుకైన ఆ ప్రాణి ఇసుకమీద తన బరువును తానే ఈడ్చుకుంటూ పోటు గీత దాటి పైకి వస్తుంది. తడి తగలని చోటు చూసుకొని, తెడ్లవంటి వెనుక కాళ్లతో దాదాపు అడుగున్నర లోతు గుంత తవ్వుతుంది. అందులో నూరు, నూట ఇరవై దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తన శరీరాన్ని అటూ ఇటూ ఊపుతూ డిప్ప అడుగుభాగంతో నేలను దిమ్మిస కొట్టినట్టు గట్టిచేసి, తిరిగి సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఇదంతా ఇంచుమించు ఒక గంట పని. గుడ్లు పెట్టేటప్పుడు దాని కళ్లనుంచి నీరు కారుతుంది. ప్రసవవేదనతో ఏడుస్తోందని చూసినవారు అంటుంటారు. నిజానికి సముద్రపు నీటితో ఒంట్లోకి చేరిన ఉప్పును అది కంటి దగ్గరి గ్రంథుల ద్వారా బయటికి పంపుతుంది. నీళ్లలో ఉన్నా ఆ పని జరుగుతూనే ఉంటుంది, మనకు కనబడదంతే.

ఈ గంటలో మొదటి భాగం చాలా సున్నితమైనది. అలల్లోంచి బయటికి వచ్చి, చోటు వెతుక్కొని, గుంత తవ్వే వరకు అది ఎంతో భయంతో ఉంటుంది. ఎదురుగా ఎవరైనా నడిచినా, టార్చిలైటు వెలిగినా, సెల్‌ఫోన్ మెరిసినా గుడ్లు పెట్టకుండానే వెనుతిరుగుతుంది. గుడ్లు పెట్టడం మొదలయ్యాక అంత తేలికగా లేచిపోదు. అయితే అది కదలడం లేదు గదా అని చుట్టూ మూగి ఫోటోలు తీయడం, పిల్లలను డిప్పమీద కూర్చోబెట్టడం కొందరికి సరదా. ఇది సరదా కాదు, హింస. ఎప్పుడైనా రాత్రిపూట మీకు తాబేలు ఎదురైతే ఉన్నచోటే ఆగిపోండి. లైటు ఆర్పండి. దాని ముందువైపు వెళ్లకుండా, దూరంగా వెనుక కూర్చొని, అది నీళ్లలోకి వెళ్లేదాకా మాట్లాడకుండా ఉండండి. పిల్లలకు ఇది కష్టమే. కాని చెప్పి చూడండి, పెద్దలకంటే వారే బాగా పాటిస్తారు.

గుడ్లను తీసి మరోచోట భద్రపరచుదామనే మంచి ఆలోచన కూడా వద్దు. పెట్టిన కొన్ని గంటలకే గుడ్డులోని పిండం లోపలి గోడకు అతుక్కుంటుంది. ఆ తరువాత గుడ్డును అటూ ఇటూ తిప్పితే అది చచ్చిపోతుంది. అటవీశాఖ వారు, వారితో కలిసి పనిచేసే స్వచ్ఛంద సంస్థలవారు, మత్స్యకార యువకులు శిక్షణ పొంది, తెల్లవారేలోగా గుడ్లను జాగ్రత్తగా తీసి, కంచె వేసిన సంరక్షణ కేంద్రాల్లో అదే లోతున పాతిపెడతారు. ఆ పని వారికే వదిలేయాలి. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఈ తాబేలు ఉంది. దాన్ని పట్టినా, చంపినా, గుడ్లు తీసినా జైలుశిక్ష పడుతుంది.

ఉదయం నడకకు వెళ్లేవారు చేయగల మేలు ఒకటుంది. నీటి అంచునుంచి పైకి ఒక వరుస, పైనుంచి నీటికి మరో వరుస, చిన్న ట్రాక్టరు చక్రం నడిచినట్టు ఇసుకలో జాడ కనిపిస్తే అది రాత్రి తల్లి వచ్చి వెళ్లిన గుర్తు. ఆ జాడను తొక్కి చెరిపేయకండి. పైన కలబడిన ఇసుకను కర్రతో పొడిచి చూడకండి. సమీపంలోని అటవీశాఖ సిబ్బందికో, సంరక్షణ కేంద్రం కాపలాదారుకో కబురు చేసి, వారు వచ్చేదాకా కుక్కలు దగ్గరికి రాకుండా చూడండి.

కుక్కల ప్రస్తావన వచ్చింది గనుక మన విహారయాత్రల భోజనాల గురించి చెప్పాలి. తినగా మిగిలిన బిర్యానీ, కోడి ఎముకలు, చేపముళ్లు ఇసుకలో పూడ్చిపెట్టి శుభ్రం చేశామనుకుంటాం. సాయంత్రానికి ఊరకుక్కలు ఆ చోటు తవ్వుతాయి. తవ్వడం అలవాటైన కుక్కలు రాత్రికి గుడ్ల వాసన పడితే వదలవు. మనం వేసిన విందే వాటిని అక్కడికి పిలిచింది. అందువల్ల తిండి మిగిలితే మూటగట్టి వెనక్కి తీసుకురావాలి. ప్లాస్టిక్ సంచుల సంగతి మీకు తెలిసిందే. నీటిలో తేలే పలుచని సంచి తాబేలు కంటికి జెల్లీ చేపలా కనిపిస్తుంది, అది మింగేస్తుంది. పిల్లలు కట్టిన ఇసుక గూళ్లు, తవ్విన గుంతలు వెళ్లేముందు చదును చేయించండి. మనకు మోకాలి లోతు గుంత తాబేలు పిల్లకు పాడుబావితో సమానం. మోటారు సైకిళ్లు, జీపులు ఇసుకమీద నడిపే యువకులకు కూడా ఇదే చెప్పాలి. చక్రాల కింద గుడ్లమీది ఇసుక గట్టిపడుతుంది, చక్రాల గాడిలో పడ్డ పిల్ల బయటికి ఎక్కలేదు. చలిమంట వేసుకోవాలనిపిస్తే అది ఇంటి ముంగిట వేసుకోవచ్చు.

గుడ్లు పెట్టిన 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పుడతాయి. మన తపస్సుకాలం నడుస్తున్నప్పుడు ఇసుకకింద అవి సిద్ధమవుతుంటాయన్నమాట. ఇంకో వింత కూడా ఉంది. పుట్టేది ఆడో మగో నిర్ణయించేది ఇసుక వేడి. ఎక్కువ వెచ్చగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు. పిల్లలన్నీ కలిసి ఇసుకను తోసుకుంటూ పైకి వచ్చి, రాత్రి చల్లదనం తగిలాక బయటపడతాయి. తల్లి దగ్గర ఉండదు, దారి చూపేవారుండరు. నేలకు ఆనినట్టు ఎటువైపు ఎక్కువ వెలుతురు కనిపిస్తే అటు పరుగెత్తాలన్నదే వాటికి పుట్టుకతో తెలిసిన విద్య. యుగాలుగా ఆ వెలుతురు సముద్రానిదే, నక్షత్రాలకాంతి పడి మెరిసే నీటిదే. ఇప్పుడు మనం తీరం వెంబడి దీపాలు పెట్టాం. పాపం, అవి వీధిదీపాలవైపు, హోటళ్లవైపు నడిచి, రోడ్డెక్కి చక్రాలకింద పడతాయి. లేదా తెల్లవారేదాకా తిరిగి ఎండకు మాడిపోతాయి, కాకులపాలవుతాయి. తీరాన ఇల్లుగానీ, అతిథిగృహంగానీ, దుకాణంగానీ ఉన్నవారు జనవరి నుంచి మే దాకా సముద్రం వైపు దీపాలను రాత్రి ఆర్పివేయడం, వీలుకాకపోతే వెలుతురు కిందికే పడేటట్టు మూతపెట్టడం, కిటికీలకు పరదాలు వేయడం ఎంతో ఉపకారం. బీచ్‌లో రాత్రి సమావేశాలకు పెద్ద పెద్ద లైట్లు కట్టే విచారణలు కూడా ఈ సంగతి ఆలోచించాలి.

"పిల్లలను చేత్తో తీసుకెళ్లి నీళ్లలో వదిలితే మంచిదేగదా?" అని అడిగేవారున్నారు. మంచిది కాదు. పెద్దయ్యాక తాము పుట్టిన తీరప్రాంతానికే తిరిగి వచ్చి గుడ్లు పెట్టే ప్రాణులివి. ఇసుకమీద నడిచే ఆ కొద్ది దూరం కూడా ఆ గుర్తులో భాగమేనని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. బకెట్టులో నీళ్లుపోసి వాటిని ఈదించడం మరీ తప్పు. పుట్టినప్పుడు కడుపులో మిగిలిన పచ్చసొన బలంతోనే అవి లోతు సముద్రం చేరాలి. ఆ బలమంతా బకెట్టులోనే ఖర్చయిపోతుంది. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదవుతుందని అంచనా. అందుకే ఒక్కో పిల్లకూ అంత విలువ. రోడ్డుమీద దారితప్పిన పిల్ల కనిపిస్తే మాత్రం చూస్తూ ఊరుకోనక్కరలేదు. నీళ్లు పోయకుండా, తడి ఇసుక వేసిన పెట్టెలో నీడన ఉంచి, వెంటనే అటవీశాఖ వారికి అప్పగించండి.

ఒక్కోసారి చచ్చిన పెద్ద తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. తాబేలుకు చేపలా మొప్పలు లేవు, గాలి పీల్చడానికి పైకి రావలసిందే. మరబోట్ల వలల్లో చిక్కి పైకి రాలేక చనిపోయేవి ఎక్కువ. అది చూసి మత్స్యకారులందరినీ నిందించడం న్యాయం కాదు. చిన్న పడవలవారిలో చాలామంది తాబేలును దైవంగా భావిస్తారు. కూర్మనాథుని ఆలయం ఉన్న శ్రీకూర్మం మన శ్రీకాకుళం తీరంలోనే ఉంది గదా. వలలో పడ్డ తాబేలును విడిపించడానికి వలనే కోసుకొని నష్టపోయేవారూ ఉన్నారు. అటువంటివారికి ప్రభుత్వం, మనం తోడుగా ఉండాలి. చనిపోయిన తాబేలు కనిపిస్తే అటవీశాఖకు తెలియజేయండి, ముట్టుకోవద్దు.

సంరక్షణ కేంద్రాలవారు పిల్లలను తెల్లవారుజామునో సాయంత్రమో సముద్రంలోకి వదులుతారు. ఈ ఏడు మీ విచారణ యాత్రను ఆ సమయానికి కలుపుకుంటే బాగుంటుంది, ముందుగా అడిగి వెళ్లండి. వారు గీసిన గీత వెనుకే నిలబడండి, ఫ్లాష్ లేకుండా చూడండి. చివరి పిల్ల అలలోకి వెళ్లిందని అందరూ అనుకున్నాక కూడా వెంటనే ముందుకు పరుగెత్తకుండా కొద్ది నిమిషాలు ఆగండి. ఇసుక రంగులో కలిసిపోయి వెనుకబడ్డ పిల్ల ఒకటి తప్పకుండా ఉంటుంది.