పెద్దాయన తప్పు చెప్పిన పెద్ద సంఖ్య



ఈసారి నేను ఒకే ఒక్క సంఖ్య గురించి రాస్తున్నాను. అది 429,49,67,297. అంటే నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు.

ఇది ఎలా వచ్చిందో చూడండి. 2 తీసుకోండి. దాన్ని దానితోనే గుణిస్తే 4. మళ్లీ అలాగే చేస్తే 16, తర్వాత 256, తర్వాత 65,536, ఆ తర్వాత 429,49,67,296. ఒక్కోదానికి 1 కలపండి. 3, 5, 17, 257, 65,537, చివరగా మన సంఖ్య వస్తాయి.

మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. అంటే 1తోనూ, తమతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడవు. ఫ్రాన్సు దేశపు ఫెర్మా 1640లో వీటిని చూసి, ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అని నమ్మాడు. నిరూపణ మాత్రం తన దగ్గర లేదని తనే రాశాడు.

92 ఏళ్ల తర్వాత, 1732లో, ఆయిలర్ అనే గణితవేత్త ఈ ఆరో సంఖ్య 641తో భాగింపబడుతుందని చూపించాడు.

641 × 67,00,417 = 429,49,67,297

అన్ని సంఖ్యలతోనూ భాగించి చూడాలంటే ఎప్పటికి తెములుతుంది? ఆయిలర్ తర్వాత ఒక సూత్రం నిరూపించాడు. దాని ప్రకారం ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఉంటే, దాన్ని 64తో భాగించినప్పుడు 1 మిగలాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదోదానికే దొరికిపోయింది!

నేను వరండాలో సుద్దముక్కతో గుణించి చూశాను. మొదటిసారి తప్పు వచ్చింది. రెండోసారి సరిపోయింది. 257తో భాగిస్తే మాత్రం 2 మిగులుతుంది.

దీనివల్ల మనకేం లాభం అంటారేమో. మా నాయన సంతలో షావుకారు చెప్పిన లెక్కకే తల ఊపేవాడు. చదువుకున్నోడు, తప్పు చెబుతాడా అనేవాడు. పోయిన సెలవుల్లో 23 కిలోల చింతపండు, కిలో 35 రూపాయలు. షావుకారు 705 ఇచ్చాడు. నాకు 805 వచ్చింది. చానాసేపు భయపడ్డాను. చివరికి "ఒకసారి మళ్లీ వేయండి" అన్నాను. వేశాడు. వంద ఇచ్చాడు. నాయన దారంతా ఏమీ మాట్లాడలేదు గానీ, ఇంటికెళ్లాక ఆ లెక్క తనకూ నేర్పమన్నాడు.

ఫెర్మా చాలా గొప్పవాడే. అయినా లెక్క అందరికీ ఒక్కటే. ఆయన వరుసలో ఆ ఐదు తప్ప ఇంకో ప్రధాన సంఖ్య ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

మీకో పని: 257 ప్రధాన సంఖ్య అన్నాను కదా, ఊరికే నమ్మకండి. 2, 3, 5, 7, 11, 13లతో భాగించి చూడండి. 17 × 17 = 289, అది 257 కన్నా ఎక్కువ కాబట్టి 13 దాకా చాలు. నా లెక్కల్లో తప్పు దొరికితే ఈ కాగితం కిందే పెన్సిల్‌తో రాయండి.

ఇట్లు
మీ తోటి విద్యార్థి,
10వ తరగతి