పీత కన్నా ముందు పెట్టె

వేసవిలో పిల్లల్ని తీసుకుని న్యూజెర్సీ ఓషన్ సిటీకో వైల్డ్‌వుడ్‌కో వెళ్లే తెలుగు కుటుంబాలకు ఆ దుకాణాలు తెలిసినవే. చిన్న తీగ పంజరాల్లో, రంగులు పూసిన గుల్లల్లో హెర్మిట్ పీతలు ఉంటాయి. ధర తక్కువ. అరవవు, కుక్కలా బయట తిప్పక్కర్లేదు. పిల్లాడు చెయ్యి పట్టుకుని లాగుతుంటే మనకూ పోనీలే అనిపిస్తుంది. ఆ కోరికను కాదనమని నేను చెప్పను. ఆ రోజు మాత్రం కొనకండి. వీటికి పెద్దగా పని ఉండదనే మాట నిజం కావాలంటే, పడాల్సిన శ్రమంతా పీత ఇంటికి రాకముందే పడాలి.

అక్కడ అమ్మేవి చాలావరకు కరీబియన్ తీరాల్లో పట్టి తెచ్చినవి. పెంపకంలో ఇవి పిల్లల్ని పెట్టడం చాలా అరుదు. నేల మీద తిరిగినా ఊపిరి తీసేది మొప్పలతోనే. ఆ మొప్పలు ఎండకుండా ఉండాలంటే గాలిలో తేమ 80 శాతం దరిదాపుల్లో ఉండాలి. చలికాలమంతా హీటర్ నడిచే మన ఇళ్లలో, తీగ పంజరంలో ఉన్న పీతకు నెమ్మదిగా ఊపిరాడకుండా పోతుంది. అది పోయాక, దాని ఆయుష్షే అంత కాబోలనుకుంటాం. నిజానికి సరైన చోట ఇవి 30 ఏళ్లకు పైగా బతకగలవు. ఏడేళ్ల పాపకు కొనిచ్చిన పీత ఆమె పెళ్లినాటికీ ఉండొచ్చు.

కాబట్టి మూత బిగువుగా ఉన్న గాజు తొట్టి కావాలి. రెండు మూడు చిన్న పీతలకు 29 గ్యాలన్ల తొట్టి బాగుంటుంది: పొడవు 30 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 18. ఎత్తు ఎందుకంటే అడుగున కనీసం ఆరంగుళాల ఇసుక పోయాలి. ఐదు పాళ్లు పిల్లలు ఆడుకునే శుభ్రమైన ఇసుక, ఒక పాలు కోకోపీట్ కలిపి, పాదం మీద పిచ్చుకగూడు కడితే నిలిచేంత తడిగా ఉంచాలి. గాజూ ఇసుకా కలిపి దాదాపు 70 కిలోలు తూగుతుంది. దాన్ని మోసే గట్టి బల్ల, ఎండ నేరుగా పడని మూల ముందే చూసుకోండి. ఒకసారి నింపాక జరపలేరు.

వేడి 24 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వేడినిచ్చే ప్యాడ్‌ను తొట్టి అడుగున పెట్టకండి. వెనక గాజుకు, ఇసుక మట్టానికి పైన అంటించి, థర్మోస్టాట్ తగిలించండి. తేమ చూపే డిజిటల్ మీటర్ తప్పనిసరి. నీళ్ల గిన్నెలు రెండు: ఒకటి క్లోరిన్ తీసిన మంచినీళ్లకు, ఇంకోటి అక్వేరియం సముద్రపు ఉప్పు కలిపిన నీళ్లకు. వంటింటి ఉప్పు పనికిరాదు. పీత మునిగేంత లోతూ, పైకెక్కి రావడానికి నాలుగు రాళ్లూ ఉండాలి. గిన్నెల్లో చిన్న ఎయిర్ పంపు గొట్టం వేస్తే నీళ్లు త్వరగా పాడవవు, తేమా నిలుస్తుంది. బూజును తినే స్ప్రింగ్‌టెయిల్ పురుగుల్ని ఒకసారి ఇసుకలో వదిలితే చాలు, అవే పెరుగుతాయి. చాకిరీ తగ్గించేవి ఈ ఏర్పాట్లే.

తిండికి మన వంటిల్లు చాలు. కొబ్బరి ముక్క, ఉడికిన గుడ్డు, నలిపిన గుడ్డు పెంకు, ఉప్పు లేని పల్లీలు, మామిడిపండు పెట్టొచ్చు. మార్చుకోవడానికి పీత ఒక్కింటికి నాలుగైదు ఖాళీ గుల్లలు ఉంచండి, రంగు వేసినవి వద్దు. ఊడిన రంగు పెచ్చులు పీత కడుపులోకి వెళతాయి. ఇండియా వెళ్లినప్పుడు బీచ్‌లో గుల్లలు ఏరి తేవద్దని కూడా పిల్లలకు చెప్పండి. అక్కడి పీతలకూ ఇళ్లు కావాలి కదా.

ఇక అన్నిటికన్నా కష్టమైన సంగతి. పెరగడానికి పీత ఇసుకలోకి దిగి, ఒంటి మీది పాత పెంకు వదిలి, దాన్నే తిని, కొత్తది గట్టిపడేదాకా అక్కడే ఉంటుంది. చిన్నవాటికి కొన్ని వారాలు, పెద్దవాటికి నెలలు పడుతుంది. ఊడిన కాళ్లు మళ్లీ మొలిచేది కూడా అప్పుడే. చచ్చిపోయిందేమోనని బెంగపడి తవ్వి చూస్తే, ఆ మెత్తటి ఒంటికి తగిలే దెబ్బే ప్రాణం తీయొచ్చు. "ఎప్పుడొస్తుందమ్మా?" అని రోజూ అడిగే పిల్లలకు ఉన్నమాటే చెప్పండి: మనకు తెలియదు, అది సిద్ధమైనప్పుడే వస్తుంది. క్యాలెండర్‌లో దిగిన తేదీ రాయించండి. ఎదురుచూడటం పిల్లలకు రాదనుకుంటాం గానీ, కారణం తెలిస్తే మనకన్నా ఓపిగ్గా చూస్తారు.

పిల్లలు తిండి మార్చొచ్చు, మీటర్ చూసి రాయొచ్చు, తర్వాత చేతులు కడుక్కోవాలి. బాధ్యత మాత్రం మీదే. సెలవులకు ఇండియా వెళితే నీళ్లూ తిండీ చూసేవాళ్లు ఎవరో ఇప్పుడే ఆలోచించండి. పెంచలేకపోతే, పెంచేవాళ్లకు ఇవ్వండి. జెర్సీ తీరంలో వదిలితే అక్కడి చలికి బతకదు. తమ పీతల్ని ఇచ్చేయాలని చూసేవాళ్లు మీ ఊళ్లోనే ఉండొచ్చు. దుకాణానికి వెళ్లేముందు వాళ్లను వెతకండి. తొట్టిలో తేమా వేడీ వారం పాటు నిలకడగా ఉన్నాకే పీతల్ని తెచ్చుకోండి.